పరాసుపేట నుంచి హంసలదీవి దాకా

ప్రయాణాల్లో రెండు రకాలున్నాయి. చూడాలని ముచ్చటపడి చేసేవి కొన్ని, పౌరుషానికి పోయి చేసేవి కొన్ని. మేము చేసిన ప్రయాణం ఈ రెండో రకానిది.

మా అమ్మాయీ అల్లుడూ ఫ్రాన్సు దేశంలో ఓర్లెయాన్ అనే వూళ్ళో కాపురం వుంటున్నారు. పోయిన వేసవిలో మా ఆవిడా నేనూ వెళ్ళి రెండు నెలలు వుండి వచ్చాం. ఆ వూరిపక్కనే లువార్ నది పారుతుంది. ఆ నది వెంబడి సుమారు తొమ్మిది వందల కిలోమీటర్ల పొడుగునా సైకిలు బాట ఏర్పాటు చేశారు. పల్లెటూళ్ళూ, ద్రాక్షతోటలూ, గోధుమచేలూ దాటుకుంటూ పోతూవుంటే మధ్య మధ్య ఒక కోటో, రాజుగారి మేడో తగులుతూ వుంటుంది. షాంబోర్ కోట 1519లో మొదలుపెట్టి కట్టింది. షెనన్సో మేడనైతే ఏకంగా ఏటిమీద వంతెనలాగా కట్టేశారు. సెలవు రోజు వస్తే చాలు, అక్కడివాళ్ళు పిల్లా జెల్లాతో సైకిళ్ళెక్కి, రొట్టె ముక్క, జున్ను ముక్క బుట్టలో వేసుకుని బయలుదేరుతారు.

ఒకనాడు అట్లాగే తిరిగి తిరిగి చెట్టుకింద కూలబడ్డాం. మా మనవరాలికి పదకొండేళ్ళు. అది నా మోచెయ్యి పొడిచి అడిగింది:

“తాతయ్యా, మీ వూరి దగ్గర నది వుందా?”

“లేకేం? కృష్ణానది. దీనికంటే పెద్దది.”

“కోటలున్నాయా?”

“ఎందుకు లేవూ!”

“సైకిలుమీద చూడొచ్చా?”

గుటక మింగాను. పుట్టింది బందరులో, ముప్పయ్యేళ్ళు వుద్యోగం చేసింది గుడివాడలో, పిల్లనిచ్చింది దివిసీమలో. అయినా చూడ్డానికని ఒక్కనాడైనా ఎక్కడికీ వెళ్ళిన పాపాన పోలేదు. పెళ్ళికో పేరంటానికో వెళ్ళడం, భోజనం చెయ్యడం, ఆఖరు బస్సుకు తిరిగి రావడం. అంతే నాకు తెలిసిన దేశాటన. అయినా వెనక్కి తగ్గకుండా, “ఆహా, భేషుగ్గా చూడొచ్చు” అన్నాను. మా ఆవిడ నావంక అదోలా చూసింది.

ఫిబ్రవరి నెలలో ఆ దేశపు బళ్ళకు రెండు వారాలు సెలవులు. పిల్ల చెప్పినట్టే దిగింది. వాళ్ళమ్మా నాన్నా విజయవాడలో చుట్టాలిళ్ళకు తిరుగుతూ వుంటే, దాన్ని మాకు అప్పగించారు. ఇక తప్పేట్టు లేదు.

అవనిగడ్డలో నా బావమరిదికి ఫోను చేశాను. హైస్కూల్లో లెక్కల మేష్టారు. నెమ్మదస్తుడు. సంగతంతా విని సంతోషించాడు.

“పులిగడ్డ దగ్గర ఎదురొస్తాను బావగారూ. అవనిగడ్డ దాకా అన్నీ నేను చూపిస్తాను. అవతలకి మాత్రం మీరు ఆటో మాట్లాడుకుని వెళ్ళిరండి.”

నేనేమీ రెట్టించలేదు. అవనిగడ్డకు అవతల సముద్రం. 1977 నవంబరు తరువాత ఆ మనిషి సముద్రం ముఖం చూడలేదు.

* * *

మొదటిరోజు గుడివాడ. గుడివాడ పేరు చెబితే అందరికీ సినిమావాళ్ళు గుర్తొస్తారు. గుర్తు రావడంలో తప్పులేదు. ఘంటసాల వెంకటేశ్వరరావు పుట్టిన చౌటపల్లి, నందమూరి తారకరామారావు పుట్టిన నిమ్మకూరు, అక్కినేని నాగేశ్వరరావు పుట్టిన రామాపురం, మూడూ ఈ చుట్టుపక్కల పల్లెలే. 1922, 1923, 1924లో వరుసగా ఏడాదికొకరు చొప్పున పుట్టారు. ఆ నీళ్ళలో ఏముందో మరి! అవే నీళ్ళు నేనూ ముప్పయ్యేళ్ళు తాగాను. స్నానాలగదిలో తప్ప నా పాట ఎవరూ వినలేదు.

అయితే నేను చూపించదలచుకున్నది సినిమా సంగతి కాదు. వూళ్ళో ఒక పాతదిబ్బ వుంది. ఆఫీసుకు వెళుతూ వస్తూ దాని పక్కనుంచే పోయేవాణ్ణి. మట్టిదిబ్బే కదా అనుకునేవాణ్ణి. తీరా తెలుసుకుంటే అది రెండువేల ఏళ్ళ వెనకటి బౌద్ధస్తూపం వున్న చోటు. అలెగ్జాండర్ రీ అనే ఆయన 1894లో దక్షిణదేశపు బౌద్ధశిథిలాల మీద అచ్చువేసిన పుస్తకంలో భట్టిప్రోలు, ఘంటసాలతోపాటు గుడివాడనూ చేర్చాడు. వెనక బెజవాడ నుంచి బందరుకు రోడ్డు వేసేటప్పుడు ఇక్కడి ఇటుకలు తవ్వి బండ్లకెత్తి రోడ్డుకింద పరిచారని అప్పటివాళ్ళే రాసిపెట్టారు.

“అంటే మనం కోటమీదనుంచే వచ్చామన్నమాట” అంది పిల్ల.

ఆలోచిస్తే నిజమే. ఎన్నివందలసార్లు తిరిగానో ఆ రోడ్డుమీద! గుడివాడలోనే పార్శ్వనాథస్వామి జైన దేవాలయం వుంది. పాత విగ్రహం. బౌద్ధం, జైనం, శైవం అన్నీ ఒక్క వూళ్ళోనే ఒకదాని తరువాత ఒకటి కాపురం చేసి వెళ్ళాయి. ఆ సంగతి తెలియకుండా అదే వూళ్ళో నేనూ కాపురం చేసి వచ్చాను.

గుడివాడలో బందరు రైలెక్కాం. గుడ్లవల్లేరు, కవుతరం, వడ్లమన్నాడు, ఆ పేర్లు చదువుతుంటేనే మా ఆవిడకు పిల్లదనం వచ్చేసింది. కోతలైపోయిన మాగాణుల్లో మినుము చేలు పచ్చగా తివాచీ పరిచినట్టున్నాయి. ఇది మా డెల్టా రైతు నేర్పు. వరి కోతకు ముందే, పైరు నిలబడి వుండగానే, పదునులో మినుములు చల్లేస్తారు. వరి కోసేసరికి మినుము మొలిచి వుంటుంది. ఆపైన దున్నే పని లేదు, నీరు పెట్టే పని లేదు. నేలలో మిగిలిన తడి, రాత్రి కురిసిన మంచు, ఇవే దానికి ఆధారం.

పెడనలో దిగాం. ఈ వూరు చూడకుండా బందరు చూస్తే పెళ్ళికొడుకుని చూడకుండా విందు తిని వచ్చినట్టే. బందరు అద్దకం, అంటే కలంకారీ, ఇప్పుడు ఎక్కువగా ఇక్కడే సాగుతోంది. ఒక కార్ఖానా యజమాని మమ్మల్ని లోపలికి పిలిచి పిల్లకు అంతా చూపించాడు. బట్టను ముందు ఉతికి, కరక్కాయ పొడీ గేదెపాలూ కలిపిన నీళ్ళలో ముంచి ఎండవేస్తారు. పాలు పట్టిన బట్టమీద రంగు పాకదు. తుప్పుపట్టిన ఇనుమూ, బెల్లమూ కుండలో నానబెట్టి పులియబెడితే నల్లరంగు తయారవుతుంది. ఎరుపు రావలసినచోట పటికనీళ్ళు అద్దుతారు. తరువాత రంగుకాగులో వుడికిస్తే పటిక తగిలినచోటే ఎరుపు పట్టుకుంటుంది. అచ్చులన్నీ టేకుచెక్కవి. ఒక పువ్వుకు ఒక్కొక్కప్పుడు నాలుగు అచ్చులు కావాలి. గీతకొకటి, రంగుకొకటి. వాటిని వెంట్రుకవాసి తేడా లేకుండా ఒకదానిమీద ఒకటి వేస్తున్న కుర్రవాణ్ణి చూసి మా మనవరాలు నోరు తెరిచింది.

“తాతయ్యా, మా ఇంట్లో బల్లమీద గుడ్డ ఇట్లాగే వుంటుంది. అమ్మ ప్రోవాన్స్‌లో కొన్నది.”

అక్కడే నాకు కాస్త ఊపిరి వచ్చింది. పోయి పోయి ఇప్పుడు దొరికింది కదా మా వంతు! పదిహేడో శతాబ్దంలో మన అద్దకపు గుడ్డలు ఓడలకెక్కి వెళితే, ఫ్రాన్సు దేశపు ఆడవాళ్ళు వాటికోసం వెర్రెత్తిపోయారు. వాటిని ‘ఇండియెన్’లు అనేవారు. స్వదేశపు పట్టు, వున్ని నేతగాళ్ళు గోల పెట్టేసరికి 1686లో ఆ దేశపు రాజు వాటిని నిషేధించాడు. కొనకూడదు, అమ్మకూడదు, తయారు చెయ్యకూడదు. అయినా జనం మానలేదు. దొంగతనంగా తెప్పించుకుని కట్టుకున్నారు. డెబ్బైమూడేళ్ళ తరువాత 1759లో నిషేధం ఎత్తేశారు. ప్రోవాన్స్‌లో ఇప్పటికీ అచ్చువేసే పువ్వుల గుడ్డలు ఆ ఇండియెన్‌ల సంతతే. ఇదంతా చెప్పాను. పిల్ల వాళ్ళమ్మకని ఒక దుప్పటి ఏరుకుంది. మా ఆవిడ బేరమాడి రెండు ఏరుకుంది.

* * *

రెండోరోజు బందరు. మా పెదనాన్నగారి మనవడి ఇంట్లో దిగి, వాళ్ళవే రెండు సైకిళ్ళు అడిగి తీసుకున్నాం. మా ఆవిడ సైకిలెక్కనంది. ఆవిడకు ఒక ఆటో కుదిర్చాం. పులిహోర, దద్దోజనం, మంచినీళ్ళు, గొడుగు, మందుల సంచీ, అన్నీ అందులో. ఆటో అబ్బాయి మొదటి గంటలో మాకు డ్రైవరు, రెండో గంటలో గైడు, మధ్యాహ్నానికి చుట్టం అయిపోయాడు.

కోనేరు సెంటరునుంచి బయలుదేరి పరాసుపేట వెళ్ళాం. పేట పేరు వినడమేగాని అర్థం ఏనాడూ ఆలోచించలేదు. పరాసులంటే ఫ్రెంచివాళ్ళు. అట్లాగే వలందపాలెం వలందులది, అంటే డచ్చివాళ్ళది. ఇంగ్లీషుపాలెం సరేసరి. ఇన్ని దేశాలవాళ్ళు ఒక్క వూళ్ళో పేటలు కట్టుకున్నారంటే ఆ వూరెంతటిదో ఊహించండి. రెండువేల ఏళ్ళనాడే గ్రీకు నావికుల గ్రంథం ఈ తీరాన్ని ‘మసాలియా’ అన్నది. గోలకొండ నవాబుల కాలంలో వారి రాజ్యానికి ఇదే సముద్రపు వాకిలి. టావర్నియే అనే ఫ్రెంచి వజ్రాల వర్తకుడు 1652లో ఇక్కడ ఓడ దిగాడు. ఇళ్ళన్నీ కొయ్యతో కట్టినవనీ, వూరు చూడ్డానికి ఏమంత గొప్పగా లేదనీ, కాని బంగాళాఖాతం మొత్తంమీద ఓడలు నిలవడానికి ఇంత మంచి రేవు లేదనీ రాసుకున్నాడు. పెగూకు, సయాముకు, మక్కాకు ఇక్కడినుంచి ఓడలు వెళ్ళేవి.

డచ్చివాళ్ళు 1605 ప్రాంతాన వచ్చారు. ఇంగ్లీషువాళ్ళు 1611లో వచ్చారు. ఫ్రెంచివాళ్ళు 1669లో కొట్టు పెట్టారు. 1750లో వూరే ఫ్రెంచివాళ్ళ చేతికి వచ్చింది. తొమ్మిదేళ్ళు ఏలారు. 1759 ఏప్రిల్లో కర్నల్ ఫోర్డ్ అనే ఇంగ్లీషు సేనాని రాత్రివేళ బందరుకోటమీద పడి పట్టుకున్నాడు. కోట చుట్టూ పర్ర, బురద. అటునుంచి ఎవరు రాగలరని లోపలివాళ్ళు ధీమాగా వున్నారు. కొందరు ఆ బురదలోనుంచే వచ్చారు. ఫ్రాన్సులో మన గుడ్డలమీద నిషేధం పోయిందీ, ఇక్కడ ఆ గుడ్డలు దొరికే రేవు వాళ్ళ చేజారిందీ ఒక్క ఏడాదే. విధి అంటే ఇదే కాబోలు!

అయినా పరాసుపేటలో కాస్త జాగా ఫ్రెంచివాళ్ళ పేరనే వుండిపోయింది. 1947 అక్టోబరులో దాన్ని స్వతంత్ర భారతానికి అప్పగించారు. అంటే మా నాన్నగారు చిన్నతనంలో బందరులో నడుస్తూ నడుస్తూ ఫ్రాన్సులో అడుగుపెట్టి మళ్ళీ వచ్చేవారన్నమాట. టిక్కెట్టు లేదు, పాస్‌పోర్టు లేదు. ఇప్పుడక్కడ చూడ్డానికి పెద్దగా ఏమీ లేదు. ఇళ్ళు, కొట్లు, గేదెలు, టీ బడ్డీలు. పిల్ల మాత్రం వీధిపేరు రాసివున్న బోర్డు పక్కన నిలబడి ఫోటో తీయించుకుని వాళ్ళ స్నేహితులకు పంపింది.

డచ్చివారి సమాధుల తోట చూసి తీరాలి. పురావస్తుశాఖవారి రక్షణలో వుంది. పెద్ద పెద్ద రాతిపలకలమీద ఉబ్బెత్తు అక్షరాలు, వంశచిహ్నాలు, చెక్కిన పనితనం చూస్తే ఏ శిల్పి చేతిదో అనిపిస్తుంది. చాలావరకు పదిహేడో శతాబ్దపువి. ఇంటికి ఆరునెలల ప్రయాణం దూరంలో, భాష తెలియని వూళ్ళో, చిన్న వయస్సులోనే పోయినవాళ్ళు ఎందరో. అక్కడ మా ఆవిడ చాలాసేపు మాట్లాడకుండా నిలబడింది.

బందరుకోటకు సైకిళ్ళమీదే వెళ్ళాం. రెండు పక్కలా పర్ర, కొంగలు, ఉప్పుగాలి. కోటంటే ఇప్పుడు మిగిలింది కొన్ని గోడలు, కొన్ని కట్టడాలు. షాంబోర్ చూసిన పిల్ల ఏమంటుందోనని నేను బిక్కుబిక్కుమంటూనే వున్నాను.

“మిగతా కోట ఏమైంది?”

“సముద్రం తీసుకుపోయింది.”

1864 నవంబరు 1 రాత్రి. తుఫానుగాలితో సముద్రం లేచి వూరిమీద పడింది. ముప్పైవేలమంది చనిపోయారని లెక్క. ఆ దెబ్బతో ఇంగ్లీషువాళ్ళు కోటలో పటాలాన్ని ఎత్తేశారు. రేవు సన్నబడింది. బందరు మళ్ళీ తేరుకోలేదని పెద్దలనేవారు. తేరుకోకేం? ఆ తరువాతనే ఇక్కడ 1902లో కృష్ణాపత్రిక పుట్టింది, 1910లో జాతీయ కళాశాల పుట్టింది, 1923లో పట్టాభి సీతారామయ్యగారి ఆంధ్రా బ్యాంకు పుట్టింది. బ్యాంకు 2020లో మరో బ్యాంకులో కలిసిపోయిందనుకోండి, అది వేరే సంగతి. 2023లో కొత్త రేవు పనులు కూడా మొదలయ్యాయి.

సాయంత్రం చిలకలపూడిలో పాండురంగస్వామి దర్శనం చేసుకుని మంగినపూడి సముద్రానికి వెళ్ళాం. ఇక్కడి నేల నల్లమట్టి. లోతు తక్కువ కావడంచేత చాలా దూరం నడిచి వెళ్ళవచ్చు. ఒడ్డుకు తిరిగి వచ్చేసరికి తొక్కుడు లడ్డు పొట్లం ఖాళీ. శనగపిండి పూస వేయించి, దంచి, జల్లించి, బెల్లం పాకంలో నేతితో తొక్కి చేసే లడ్డు అది. బందరు లడ్డు అని 2017లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పిల్ల లెక్కపెట్టి తింది. నేను లెక్కపెట్టకుండా తిన్నాను.

* * *

మూడోరోజు సైకిళ్ళు ఆటోమీద కట్టి ఘంటసాల చేరాం. గాయకుడు ఘంటసాల ఇంటిపేరు విన్నవాళ్ళందరూ ఈ వూరు చూడరు. ఇక్కడా మహాస్తూపం వుండేది. చిన్న మ్యూజియంలో శిల్పాలు వున్నాయి. టాలమీ అనే గ్రీకు భూగోళవేత్త పేర్కొన్న ‘కొంటకొస్సుల’ ఇదేనంటారు. ఇక్కడి ఒక శాసనంలో ‘మహానావికుడు’ అనే మాట వుంది. సముద్రం ఇప్పుడు ఎంతో దూరాన వుంది. అయినా రెండువేల ఏళ్ళ క్రితం ఈ వూళ్ళో ఓడలు నడిపే పెద్దమనిషి ఒకడు స్తూపానికి రాయి చెక్కించి ఇచ్చాడు.

అక్కడినుంచి కాలువగట్ల వెంబడి సైకిలు తొక్కాం. ఫ్రాన్సు బాటమీద గులకరాయి వుండదు. మా కాలువగట్టుమీద గులకరాళ్ళు, గొర్రెలు, ఎండబెట్టిన పిడకలు, ఎదురుగా ట్రాక్టరు, అన్నీ వుంటాయి. చల్లపల్లి దాటేలోగా నా గొలుసు రెండుసార్లు వూడింది. రెండుసార్లూ ఎవరో ఒక రైతు ఆగి ఎక్కించి, చేతులు గడ్డికి తుడుచుకుని, “ఎవరింటికండీ?” అని అడిగి మరీ వెళ్ళాడు. కూచిపూడి, క్షేత్రయ్య కొలిచిన మువ్వ గోపాలుడు, పింగళి వెంకయ్యగారి భట్లపెనుమర్రు, శ్రీకాకుళంలోని ఆంధ్ర మహావిష్ణువు, ఇవన్నీ చుట్టుపక్కలే. వేళ చాలక మరోసారికి వుంచుకున్నాం. మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుణ్ణి మాత్రం మా ఆవిడ వదలనిచ్చిందికాదు.

పులిగడ్డ దగ్గర కృష్ణ రెండుగా చీలుతుంది. ఆ రెండు పాయలకూ సముద్రానికీ మధ్య వున్నదే దివి. దీవి అన్న మాటే దివి అయింది. గట్టుమీద మా బావమరిది సైకిలు స్టాండు వేసి నిలబడి వున్నాడు. పిల్లను చూసి నవ్వి, “రా అమ్మా, నీకో వింత చూపిస్తాను” అని అక్విడక్టు మీదికి తీసుకుపోయాడు. కింద నది. నదిమీద కట్టు. ఆ కట్టుమీద తొట్టిలో కాలువ! నదిని దాటి దివిసీమ పొలాలకు కృష్ణ నీళ్ళే మళ్ళీ వెళుతున్నాయి.

“బ్రియార్‌లో వుంది ఇట్లాంటిది!” అని కేక వేసింది పిల్ల. నిజమే, మేమూ చూశాం. లువార్ నదిమీద 1896లో ఆరువందల అరవై రెండు మీటర్ల పొడుగున కాలువ కట్టారు. దానిమీద పడవలు వెళతాయి.

“అది పడవలకు, ఇది అన్నానికి” అన్నాడు బావమరిది.

ఆ రాత్రి వాళ్ళింట్లో భోజనాల దగ్గర పిల్ల అడిగింది: “చిన్నతాతయ్యా, రేపు సముద్రానికి నువ్వు కూడా వస్తావు కదా?”

వడ్డిస్తున్న మా ఆవిడ చెయ్యి ఆగిపోయింది.

“పనుందమ్మా” అన్నాడు.

“రేపు ఆదివారం!”

అతను సమాధానం చెప్పలేదు. మజ్జిగ పోసుకుని లేచాడు.

* * *

సంగతి ఏమిటంటే, మా అత్తవారిది కోడూరుకు అవతల ఒక పల్లె. 1977 నవంబరు 19, శనివారం. మా ఆవిడకు అప్పుడు పదిహేనేళ్ళు. బందరులో వాళ్ళ పిన్నిగారింట్లో వుండి చదువుకుంటోంది. ఇంటి దగ్గర తల్లి, తండ్రి, పన్నెండేళ్ళ తమ్ముడు, ఆరేళ్ళ చెల్లెలు. ఆ సాయంత్రం వచ్చిన ఉప్పెన తాడిచెట్టు నడుము ఎత్తున వచ్చిందని చూసినవాళ్ళు అంటారు. ప్రభుత్వ లెక్కకే దాదాపు పదివేలమంది పోయారు. తమ్ముడూ తండ్రీ మిగిలారు. తమ్ముడు ఒక తుమ్మచెట్టును పట్టుకుని తెల్లవార్లూ వున్నాడు. ఆ రాత్రి ఏం జరిగిందో అక్కగారికి కూడా ఏనాడూ చెప్పలేదు. ఆవిడా అడగలేదు.

నాలుగోరోజు తెల్లవారగట్ల లేచేసరికి అతను వీధిలో నా సైకిలు గొలుసుకు నూనె వేస్తున్నాడు. పక్కన తన సైకిలు కూడా తుడిచి వుంది.

“కోడూరు దాకా వస్తాను” అన్నాడు.

కోడూరు వచ్చింది. అతను ఆగలేదు. మేమెవరమూ ఆ సంగతి ఎత్తలేదు. చేలు పలచబడ్డాయి. చేపల చెరువులు, రొయ్యల చెరువులు వచ్చాయి. తరువాత మడచెట్లు కనిపించాయి. ఇది కృష్ణా అభయారణ్యం పరిసరం. బావురుపిల్లి అనే చేపలు పట్టే పిల్లి ఈ మడ అడవుల్లో వుంటుంది. మాకు కనబడలేదు. ఎర్రకాళ్ళ కొంగలు మాత్రం లెక్కలేనన్ని కనబడ్డాయి.

ఒక వూరి పక్కన, స్తంభాలమీద ఎత్తుగా కట్టిన సిమెంటు భవనం వుంది. కింద ఖాళీ, పైన గదులు, ఆపైన చదునుగా డాబా. పిల్ల సైకిలు ఆపింది.

“ఇదేనా మీ కోట?”

నాకు నవ్వు వచ్చింది. చెప్పబోయాను. బావమరిది నాకంటే ముందే అన్నాడు:

“అవునమ్మా. మా కోట ఇదే.”

అది తుఫాను షెల్టరు. ఉప్పెన తరువాత తీరం పొడుగునా కట్టారు. అతను దాన్ని డాబామీదికి తీసుకుపోయాడు. మేమూ మెల్లిగా ఎక్కాం. అక్కడినుంచి సముద్రం గీతలాగా కనబడుతోంది. అతను గీతవంక చూస్తూ, పిల్లవాళ్ళకు లెక్క చెప్పినట్టు, ఒక్కొక్క మెట్టే చెప్పాడు. నీళ్ళు ఇంత ఎత్తు వచ్చాయి. ఇట్లాంటిది ఆనాడు ఒక్కటీ లేదు. గాలివాన వస్తుందని తెలుసుగాని సముద్రం వస్తుందని ఎవరికీ తెలియదు. 1990 మే నెలలో మళ్ళీ పెద్ద తుఫాను ఇక్కడే దాటింది. ఆ లోపల కోటలు కట్టారు, ముందుగా హెచ్చరించారు, జనాన్ని తరలించారు. అప్పుడు పోయినవాళ్ళు వెయ్యిలోపు.

“నీకు అప్పుడెన్నేళ్ళు?”

“మొదటిదానికి పన్నెండు. నీ అంత.”

“నువ్వెక్కడున్నావు?”

“చెట్టుమీద.” కాసేపు ఆగి, “చెల్లాయి చెయ్యి పట్టుకునే వున్నాను. చాలాసేపు పట్టుకున్నాను. తెల్లవారి చూసుకుంటే చెయ్యి ఖాళీగా వుంది. ఎప్పుడు వదిలానో నాకు తెలియదు” అన్నాడు.

ఆ మాట అతను పిల్లతోనే అన్నాడు. కాని నలభై ఏడేళ్ళుగా వినవలసిన మనిషి అక్కడే, మెట్ల దగ్గర, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి వుంది. మా ఆవిడ ఏమీ అనలేదు. వచ్చి తమ్ముడి భుజంమీద చెయ్యి వేసింది. నేను డాబా ఆ చివరకు వెళ్ళి కొంగలను చూస్తూ నిలబడ్డాను.

హంసలదీవిలో వేణుగోపాలస్వామి గుడి చూసుకుని సముద్రం దగ్గరికి వెళ్ళాం. మాఘ పౌర్ణమికి ఇక్కడ స్నానాలకు జనం విరగబడి వస్తారు. మేము వెళ్ళింది పౌర్ణమి దాటాక కావడంచేత ఒడ్డంతా మాదే. కృష్ణానది సముద్రంలో కలిసే చోటు దూరాన తెల్లగా మెరుస్తోంది. మహాబలేశ్వరం కొండల్లో పుట్టి ఇంత దూరం వచ్చిన నది చివరికి చప్పుడు చెయ్యకుండా వెళ్ళిపోతుంది.

పిల్ల చెప్పులు విడిచి నీళ్ళలోకి పరుగెత్తి, వెనక్కి తిరిగి చెయ్యి చాచింది. నావైపు కాదు. బావమరిది కాసేపు ఇసుకలో నిలబడి, పంచె ఎగగట్టి, వెళ్ళి ఆ చెయ్యి పట్టుకున్నాడు. మోకాలి లోతు దాటలేదు. అల వచ్చినప్పుడల్లా పిల్ల ఎగురుతోంది. అతను ఎగరలేదు, నవ్వలేదు. చెయ్యి మాత్రం వదల్లేదు. మా ఆవిడ ఇసుకలో కూర్చుని పులిహోర పొట్లాలు విప్పింది. లెక్కపెడితే ఒక పొట్లం ఎక్కువగానే వుంది. కోడూరు దాకానే వస్తానన్న తమ్ముడికి కూడా ఆవిడ ముందుగానే కట్టుకొచ్చింది.

* * *

వెళ్ళదలచుకున్నవారికి నాలుగు మాటలు. అక్టోబరు, నవంబరు తుఫానుల రోజులు, మానుకోండి. సంక్రాంతి వెళ్ళిన తరువాత నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా అన్నిటికంటే మంచి కాలం. విజయవాడనుంచి గుడివాడ, పెడన, బందరు రైలుమీదే వెళ్ళవచ్చు. అవతలకి బస్సులున్నాయి. సైకిళ్ళు మాత్రం చుట్టాలను అడగవలసిందే. దివిలో ఎండకు గొడుగు, తాగడానికి మంచినీళ్ళు వెంట వుంచుకోండి. సంగమం దగ్గర నీటి వడి ఎక్కువ. పడవవాళ్ళు వద్దన్నచోట దిగకండి. నాగాయలంకలో పడవ షికారు బాగుంటుందట, మేము వెళ్ళలేకపోయాం.

మనవరాలు వూరికి వెళ్ళాక బళ్ళో దానిచేత ప్రయాణం గురించి వ్యాసం రాయించారట. మా అమ్మాయి చదివి ఫోనులో చెప్పింది. లువార్ ఒడ్డున కోటలు రాజులు తమకోసం కట్టుకున్నవనీ, తాతయ్యగారి నది దగ్గర వున్న కోట సముద్రం వచ్చినప్పుడు అందరూ ఎక్కడానికి కట్టినదనీ రాసిందట. పంతులమ్మ దానికి మంచి మార్కులు వేసి, కింద ఒక ప్రశ్న రాసిందట: ‘ఆ కోట పేరేమిటి?’

పిల్ల నన్నడిగింది. నాకు తెలియదు. బావమరిదికి ఫోను చేశాను. అతను పోయిన ఆదివారం మళ్ళీ అటు వెళ్ళి వచ్చాడట. “పేరేమీ లేదు బావగారూ, నెంబరు వుంది” అన్నాడు.